ఆవకాయ రోజు, గళ్ల తువ్వాలు

మే 27, బుధవారం

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగులుతాయో లేదో గానీ, పొద్దున్న ఎనిమిదింటికే పెరట్లో గచ్చు మీద కాలు పెట్టలేకపోయాం. ఈ ఎండలోనే ఆవకాయ. మేం హైదరాబాదు నుంచి పాలకొల్లు చేరి, అక్కడి నుంచి ఊరొచ్చేదాకా అమ్మ కాయ కోయించలేదు. "ఇంకో వారం ఆగారంటే రంగు తిరిగేస్తుంది, ఆవకాయ కాదు, రసం పిండుకుని తాగాలి" అని నాన్న రోజూ గొణుగుతూనే ఉన్నారు.

ఇంట్లో పెద్దవాళ్లం ఏడుగురం. పిల్లలు నలుగురు: ఏడేళ్ల మా పెద్దాడు, రెండున్నరేళ్ల చిట్టి, అన్నయ్య వాళ్ల అయిదేళ్ల పాప, ఇంకా అయిదో నెల నడుస్తున్న చంటాడు. ఇంతమంది ఉన్న ఇంట్లో పిల్లలకు భయమేముందంటారు అందరూ. నా భయం ఆ ఇంతమంది గురించే. హైదరాబాదు ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చిట్టి ఏ గదిలో ఉందో నాకు కచ్చితంగా తెలుసు. ఇక్కడైతే అమ్మ దగ్గరుందని నేను, నా దగ్గరుందని అమ్మ, మా ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గర ఉందని వదిన అనుకుంటాం. పెళ్లిళ్లలో పిల్లలు తప్పిపోయేది కూడా ఇలాగే.

అందుకే ఈసారి వచ్చిన రోజే తువ్వాలు పద్ధతి పెట్టాం. నాన్న పాత ఎర్రగళ్ల తువ్వాలు ఎవరి భుజం మీద ఉంటే పిల్లల డ్యూటీ వాళ్లది. గంటకొకరు. ఆ గంటలో ఫోన్ జేబులోంచి తీయకూడదు, వంటింట్లోకి వెళ్లకూడదు, పేపరు చదవకూడదు. వాళ్లకు బాత్రూమ్‌కి వెళ్లాలన్నా తువ్వాలు ఇంకొకరి భుజాన వేసి, "పిల్లలు నీ దగ్గర" అని పైకి అనాలి. కళ్లతో సైగ చేస్తే చెల్లదు. మొదట పిన్ని నవ్వింది, "మేం ఆరుగుర్ని పెంచాం, తువ్వాళ్లూ లేవు, టవళ్లూ లేవు" అని. తన వంతు వచ్చేసరికి మాత్రం పోలీసులా కాపలా కాసింది.

ఆవకాయ పనిలో పిల్లలు ఉండకూడదంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వేసవి సెలవుల్లో వాళ్లకు గుర్తుండిపోయేది ఇదే కదా. ఎవరికి ఏ పని ఇవ్వాలన్నదే చూసుకోవాలి. ముక్కలు కొట్టడం నాన్న పని. పీటకు బిగించిన ఆ కత్తి దగ్గరకు చేయి చాచినంత దూరంలోకి ఎవరూ రాకుండా చాక్‌పీస్‌తో గీత గీశాం. ఒక్క దెబ్బకు టెంకతో సహా కాయ తెగాలి. టెంక ఊడిపోయిన ముక్క ఆవకాయకు పనికిరాదు, పప్పులోకి పోతుంది. గీతకు ఇవతల పెద్దాడు కూర్చుని స్పూనుతో జీడి తీసి, లోపలి పొర గీకి పడేశాడు. పాప పొడిగుడ్డతో ముక్కలు తుడిచింది. తడి తగిలితే బూజు పడుతుందని అమ్మ ఒక్కసారి చెప్పిందంతే, పాప మా అందరి చేతులూ తనిఖీ చేయడం మొదలుపెట్టింది. చిట్టికి మాత్రం వెల్లుల్లి గడ్డలు ఇచ్చి, ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వేయమన్నాం. గడ్డలే, రెబ్బలు కాదు. ఆ వయసులో చేతికి దొరికిందల్లా నోట్లోకే పోతుంది, రెబ్బయితే గొంతులో అడ్డం పడుతుంది. బోలెడంతసేపు ఆ పనే చేసింది, జీతం అడగలేదు.

సొన విషయం హైదరాబాదులో పెరిగే పిల్లలకు తెలీదు. తొడిమ దగ్గర కారే ఆ సొన మూతికి తగిలితే బొబ్బలు లేస్తాయి. రాత్రే కాయలన్నీ నీళ్లలో వేసి, పొద్దున్న తుడిచి ఆరబెట్టిన తర్వాతే పిల్లల్ని దగ్గరకు రానిచ్చాం.

కారం, ఆవపిండి కలిపేటప్పుడు మాత్రం వాళ్లకు ప్రవేశం లేదు. ఫ్యాన్ కట్టేసి, పిల్లల్ని వీధి అరుగు మీదకు పంపించేశాకే అమ్మ బేసిన్ ముందు కూర్చుంది. కారం, ఆవపిండి సమానం, ఉప్పు కాస్త తక్కువ, గుప్పెడు మెంతులు, పప్పునూనె ధారగా. కంట్లో కారం పడితే చేయాల్సింది ఒక్కటే, మంచినీళ్లు ధారగా పోస్తూ పది పదిహేను నిమిషాలు కడగడం. పాలు, నెయ్యి, ఇంకేవో కంట్లో పోసే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్లను ఆపడం మన పని. చేతులు మండితే మాత్రం ఉత్త నీళ్లతో పోదు. ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి.

జాడీలకు ఎత్తి వాసెన కట్టేశాక, ఆ బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టింది అమ్మ. చిట్టి ముద్దలో నెయ్యే ఎక్కువ, ఆవకాయ వేలికొసంత. అయినా ముక్కు ఎర్రగా చేసుకుని ఇంకోటి అడిగింది.

అసలు సంగతి దానికి ముందే జరిగింది. పదకొండు గంటలప్పుడు అందరం ముక్కల చుట్టూ ఉన్నాం. చిట్టి గిన్నెలు వదిలేసి, పెరటి తలుపు దాటి, జామచెట్టు పక్క నుంచి కుడితి గోలెం వైపు నడిచిపోతోంది. మాలో ఒక్కరం చూడలేదు. అన్నయ్య చూశాడు, ఎందుకంటే ఆ గంట తువ్వాలు వాడిది. నాలుగంగల్లో వెళ్లి చంకనేసుకొచ్చాడు. పెద్ద హడావిడి ఏమీ జరగలేదు, అమ్మ తలెత్తి కూడా చూడలేదు. జరగకపోవడమే కావలసింది.

ఆ గోలెం మీద ఇప్పుడు చెక్క మూత ఉంది, మూత మీద రాయి ఉంది. రెండు గేదెలు తాగే కుడితికి ఇంత కట్టుదిట్టమా అని పాలేరు నవ్వుతాడు. కానీ ఆ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. వంగి చూస్తే ముందుకే పడతారు, పడితే తమంతట తాము లేవలేరు. సినిమాల్లోలా చేతులెత్తి కేకలు వేయడం ఉండదు. చప్పుడు లేకుండా, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. బాత్రూమ్‌లో నిండిన బకెట్ చాలు. అందుకే స్నానాలయ్యాక బకెట్లు బోర్లించడం ఇంట్లో పెద్దాడి ఉద్యోగం. వాడికి ఇలాంటి అధికారాలంటే ఇష్టం.

వాడి గొడవ ఇంకొకటి, కాలువ. కాలువలు కట్టేశారు. ఏటా వేసవిలో బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపి మరమ్మతులు చేసి, సార్వాకు (ఖరీఫ్ వరికి) మళ్లీ జూన్‌లో వదులుతారు. నీళ్లు లేవు కదా అని ఊళ్లో పెద్దపిల్లలు కాలువలోకి దిగి చేపలు పడుతున్నారు, వీడికీ వెళ్లాలని ఉంది. నాన్న తీసుకెళ్లి గట్టు మీద నిలబెట్టి చూపించారు. పైకి మోకాలి లోతు కనబడే నీటి కింద, మట్టి తవ్విన చోట, తూముల దగ్గర నిలువెత్తు గుంటలుంటాయి, అడుగున కాలు కూరుకుపోయే బురద. వీధి చివర చెరువు కూడా అంతే, గట్టు నుంచి రెండడుగులు వేస్తే లోతు. "ఎవరైనా పడితే నువ్వు దూకకూడదు. గట్టిగా కేకలెయ్యి. తాడో, గెడో, చీరో విసురు" అని చెప్పారు. ఈత వచ్చినవాణ్ణి కూడా మునిగేవాడు పట్టుకుని లాగేస్తాడు. నేనైతే దీనికి ఇంకో మాట కలుపుతాను, ఇది పెద్దవాళ్లకు. నీళ్లలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ నొక్కాలి, పక్కనున్నవాళ్లు 108కి చేయాలి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వీధి తలుపు గడియ. పైన, పిల్లలకు అందని గడియ. పులీమేకా, వామనగుంటలు, తర్వాత చింతగింజలు ఎవరివి ఎన్ని అని యుద్ధం. (చింతగింజల ఆట పెద్దపిల్లలకే. ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేస్తే తప్ప పిన్ని తువ్వాలు దించదు.) మా ఆయన మామిడిచెట్టు కింద పెట్టిన కారుకు తాళం వేసి, తాళంచెవి మేకుకు తగిలించారు. కిందటేడు, 2025 మేలో, విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారెక్కి ఆడుకుంటూ, తలుపులకు లాక్ పడిపోయి, ఊపిరాడక నలుగురు పిల్లలు చనిపోయారు. నీడన ఉన్నా, అద్దాలు మూసిన కారు లోపల కొన్ని నిమిషాల్లోనే వేడి పెరిగిపోతుంది. అప్పటి నుంచి మాకు ఒక నియమం, పిల్లలు కనబడకపోతే మొదట నీళ్లున్న చోట, వెంటనే కారులో చూడాలి. మంచాల కింద తర్వాత.

పాపకు రెండుసార్లు విరేచనమైంది, నిన్నటి మామిడిపళ్ల ఫలితం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం కలిపాను. సగం ప్యాకెట్ సగం గ్లాసు అని కళ్లతో కొలిచి కలపకూడదు. కలిపినదాన్ని 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను నిండుగా కాదు, తలకొట్టి. షాపువాడు ఇచ్చే రంగురంగుల తియ్యటి డబ్బా ఓఆర్‌ఎస్ కాదు. దీని మీద హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దంది. పాత సరుకు ఎక్కడైనా ఉండొచ్చు, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని చూసుకుని కొనడం నాకు అలవాటైంది.

చంటాడికి నీళ్లు పట్టాలా వద్దా అన్నది ఇంట్లో రోజూ నడిచే చర్చ. "ఈ ఎండకి పసివాడి నోరు ఎండిపోదటే?" అని అమ్మ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, ఎండాకాలంలో కూడా, కావాలంటే ఇంకాస్త తరచుగా ఇవ్వమని డాక్టర్ వదినకు చెప్పారు. వదిన అత్తగారికి ఎదురు చెప్పలేదు. "డాక్టరు గారు మీకు కూడా చెప్పమన్నారండి అత్తయ్యా, అమ్మ బాగా నీళ్లు తాగితే బిడ్డకు అందుతుందట" అంది. అప్పటి నుంచి అమ్మ గంటకోసారి వదినకే మజ్జిగ పోస్తోంది. వదిన తెలివికి నా నమస్కారం. వడదెబ్బకు మందని అమ్మ పెద్దాడి జేబులో ఉల్లిపాయ కూడా పెట్టింది. ఉంటే ఉండనీ అనుకున్నా. కాకపోతే ఒళ్లు కాలిపోతూ, మత్తుగా, మాట తడబడుతున్న పిల్లవాడికి ఉల్లిపాయతోనూ, జ్వరం బిళ్లతోనూ పనవదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. మత్తులో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు.

సాయంత్రం ముంజెలవాడు వచ్చాడు. చిట్టికి ముంజె మొత్తంగా ఇవ్వకుండా చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి పెట్టాం. జారుడుగా ఉంటుంది, పరిగెడుతూ తింటే సర్రున గొంతులోకి పోతుంది. సపోటా గింజా అంతే.

రాత్రి కరెంటు పోయింది, అందరం డాబా ఎక్కాం. మంచాలు పిట్టగోడకు దూరంగా, మధ్యలో. మంచమెక్కి నిలబడితే పిట్టగోడ ఎత్తు ఎంతన్నది లెక్కలోకి రాదు. కింద చాప మీద పడుకుంటానన్న పెద్దాణ్ణి ఒప్పుకోలేదు. మా వైపు కట్లపాములున్నాయి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తాయి, కరిచిన నొప్పి కూడా పెద్దగా తెలీదు. కాబట్టి మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందకు దోపడం. ఏదైనా జరిగితే కట్లు కట్టడాలు, కోయడాలు, మంత్రాలు లేకుండా, కాలు కదల్చకుండా నేరుగా విషానికి ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఆస్పత్రికే.

రేపటి వంతులు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మధ్యాహ్నం రెండింటి డ్యూటీ అన్నయ్యది. సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉంది, అప్పటికి ఫ్రెష్‌గా ఉండాలి కాబట్టి మధ్యాహ్నం నిద్రపోనివ్వమని బేరం పెట్టాడు. దానికి బదులు మా ఆయన ఎల్లుండి జాడీలు తిరగ కలిపే పని మొత్తం వాడి నెత్తిన వేశారు. వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.