రోసాలియా ఆర్తియాగాకి జరిగింది అన్యాయమే

1997 ఫిబ్రవరి 6 రాత్రి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో ముగ్గురు ఒకేసారి నేనే ప్రెసిడెంట్ అన్నారు. పార్లమెంట్ దింపేసినా దిగనంటున్న ప్రెసిడెంట్ బుకారమ్, పార్లమెంట్ ఎక్కించిన స్పీకర్ అలార్కోన్, వైస్ ప్రెసిడెంట్ రోసాలియా ఆర్తియాగా. నాకు ఈవిడ గురించే రాయాలనుంది, ఎక్కడ చూసినా రెండు రోజుల ముచ్చట అని ఒక్క లైన్‌లో తేల్చేస్తుంటే బాధేస్తుంది.

బుకారమ్ మీద జనానికి కోపం రావడం న్యాయమే, గెలిచిన ఆర్నెల్లకే కరెంటు, గ్యాస్, ఫోను అన్నీ పెంచేశాడు, జనం రోడ్లెక్కారు, దేశమంతా సమ్మె. కానీ పద్ధతిగా అభిశంసించాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అవి లేవు, అందుకని మతిస్థిమితం లేదని తీర్మానం పెట్టి 44-34తో దింపేశారు. ఒక్క డాక్టర్ చేత కూడా పరీక్ష చేయించలేదు! సరే దింపారు, మరి జనం ఓటేసి గెలిపించిన వైస్ ప్రెసిడెంట్ ఉండగా స్పీకర్‌ని ఎలా కూర్చోబెడతారండీ? ఇలాంటప్పుడు ఎవరు రావాలో అప్పటి రాజ్యాంగంలో క్లియర్‌గా లేదు, వాళ్ళకి ఆ సందు చాలింది. ఆర్మీ మధ్యలోకొచ్చి రాజీ కుదిర్చాక 9న ఆవిడ ప్రెసిడెంట్ అయింది, ఆ దేశానికి మొదటి మహిళా ప్రెసిడెంట్, 11కల్లా పార్లమెంట్ మళ్ళీ అలార్కోన్‌నే ఎన్నుకుంది.

మా చెల్లి ఇక్కడ చెన్నైలో అన్నా నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి వెళ్తోంది, తను ఆర్టికల్ 65 (ప్రెసిడెంట్ కుర్చీ ఖాళీ అయితే వైస్ ప్రెసిడెంట్ చూసుకోవాలని మన రాజ్యాంగంలో ఉన్నది) అప్పజెప్తుంటే ఇదంతా గుర్తొచ్చింది. మనకీ 1969 మే 3న ప్రెసిడెంట్ జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయారు, వైస్ ప్రెసిడెంట్ వి.వి.గిరి గారు (మన తెలుగాయన, చివరికి ఈ మద్రాసులోనే పోయారు) ఆ బాధ్యత తీసుకున్నారు, రాసుంది కాబట్టి గొడవే లేదు. మరి ఆయన కూడా లేకపోతే ఎవరు? అది రాసి లేదు, పార్లమెంట్ ఆ నెలలోనే చట్టం చేసింది, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ చూసుకోవాలని. జూలైలో గిరి గారు ఎలక్షన్లో నిలబడ్డానికి రాజీనామా చేస్తే చీఫ్ జస్టిస్ హిదయతుల్లా గారు ఐదు వారాలు ఆ పని చూశారు. ఖాళీ కనిపించగానే పూడ్చడం అంటే ఇదీ, ఈక్వడార్‌లో అదే ఖాళీలోంచి కుర్చీ పట్టుకుపోయారు.

వాళ్ళూ 1998 కొత్త రాజ్యాంగంలో వైస్ ప్రెసిడెంటే రావాలని రాసుకున్నారు, ఆ ఏడాది ఎన్నికల్లో ఆర్తియాగా పోటీ చేస్తే ఓట్లు చాలా తక్కువొచ్చాయి. తర్వాత 2000లో మావాద్‌ని దింపితే నోబోవా, 2005లో గుతియెర్రెస్‌ని దింపితే పలాసియో వచ్చారు, ఇద్దరూ వైస్ ప్రెసిడెంట్లే, ఇద్దరూ మిగిలిన టర్మ్ మొత్తం చేశారు. న్యాయంగా అయితే ఆర్తియాగా కూడా 2000 ఆగస్టు దాకా ఉండాల్సిన మనిషి.