మోడు కొమ్మల మధ్య రెండు నెలలు

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పంతం పట్టాను. రోజుకొక్క ఫొటో, మార్చి నెలాఖరు దాకా. చలికాలం పోయి వసంతం ఏ రోజు మొదలవుతుందో కెమెరాతో పట్టుకోవాలని నా ఆశ. మొదటి వారం తీసినవన్నీ తమ్ముడికి పంపితే వాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, బ్లాక్ అండ్ వైట్‌లో తీశావా?" అన్నాడు. అన్నీ కలర్ ఫొటోలే.

వాడి తప్పేం లేదు. కంటికి జిగేల్మన్న మంచు ఫొటోలో పొయ్యిలో బూడిదలా పడింది. కారణం తెలిశాక నవ్వొచ్చింది. కెమెరాలోని మీటర్, ఎదురుగా ఏమున్నా అది సగటున మధ్యరకం బూడిద రంగే అనుకుని వెలుతురు లెక్కగడుతుంది. ఫ్రేమంతా తెల్లటి మంచే ఉంటే, వెలుతురు మరీ ఎక్కువైందని తగ్గించేస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని, అంటే మీటర్ లెక్క మీద వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్‌ని, మనమే పెంచాలి. ఎండ పడే మంచుకి నాకు +1 నుంచి +1.7 మధ్య కుదిరింది. చీకటిని ఎడమన, వెలుతురుని కుడిన చూపించే హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ కుడి అంచు దగ్గరికి వస్తే చాలు, గోడకి గుద్దుకున్నట్టు ఉండకూడదు.

మంచు తెల్లబడింది సరే, రంగు ఏది? అది ఇంకో చోట దాక్కుంది. ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా, ఫొటోలో రంగుల ఛాయని దిద్దే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలోంచి తీసి డేలైట్‌కి, అంటే కాంతి రంగు కొలతలో దాదాపు 5500 కెల్విన్‌కి మార్చాను. మంచు మీద చెట్ల నీడలు ఒక్కసారిగా నీలంగా వచ్చాయి. నీడలో ఎండ నేరుగా పడదు, అక్కడికి చేరేది ఆకాశం వెలుగే, అందుకే ఆ నీలం. ఇన్నాళ్లూ ఆటో ఆ నీలాన్ని తప్పనుకుని దిద్దుతూ వచ్చింది! కెమెరాని తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి.

చలిలో పడ్డ తిప్పలు కూడా చెప్పాలి. నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ గంటకే చేతులెత్తేసింది. రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకోవడం అలవాటైంది. ఒకరోజు వెచ్చటి గదిలోకి నేరుగా తెచ్చేసరికి లెన్స్ నిండా చెమ్మ పట్టింది. మర్నాటి నుంచి బయటే కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, లోపల గంటసేపు దాని మానాన వదిలేసేవాడిని.

ఫిబ్రవరి చివరికి పూల కోసం ఎదురుచూడటం మానేశాను. అప్పుడే అసలు పని మొదలైంది. దూరం నుంచి మట్టి రంగులో కనిపించే విల్లో చెట్ల సన్నటి రెమ్మలు, సూర్యుడు వెనక ఉన్నప్పుడు పసుపుపచ్చగా వెలిగాయి. ఆకులు లేని డాగ్‌వుడ్ పొదల బెరడు ఎర్రగా ఉంటుంది, మంచు ముందు దాన్ని వదులుకోవడం నాకు చేతకాలేదు. అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది చెట్ల మొదళ్ల మీది నాచు. ఎండినప్పుడు దానికేసి ఎవరూ చూడరు. వాన తడిపిన పది నిమిషాలకి, పోలరైజర్ ఫిల్టర్ తిప్పి మెరుపు తగ్గించి చూస్తే, ఆ పచ్చదనం ఏ చిగురుకీ తీసిపోదు. వానొస్తే ఇంట్లో కూర్చునే నేను గొడుగు పట్టుకుని పరిగెత్తడం మొదలుపెట్టాను.

మార్చిలో, నేలకి దగ్గరగా పూసే క్రోకస్ పూల మొగ్గలు నేలను చీల్చుకుని వచ్చాయి. లేత వెలుగు కోసం మూడు రోజులు తెల్లవారకముందే వెళ్లాను. మూడు రోజులూ మూతులు బిగించుకునే ఉన్నాయి. ఆ పూలు వేడికి విచ్చుకుంటాయని, చల్లబడితే ముడుచుకుంటాయని అప్పటిదాకా నాకు తెలీదు. పొద్దున్నే లేవడమే గొప్ప అనుకునే ఫొటోగ్రాఫర్ల అహంకారం నాకూ ఉందన్నమాట. నాలుగో రోజు మధ్యాహ్నం వెళితే అన్నీ విచ్చుకుని ఉన్నాయి.

బురదలో బోర్లా పడుకుని చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా చూపే 100 ఎం.ఎం. మాక్రో లెన్స్ పెట్టాను. లెన్స్ కన్ను బాగా తెరిచే ఎఫ్/2.8లో పుప్పొడి కొస ఒక్కటే స్పష్టంగా వచ్చింది, మిగతాదంతా మసక. ఆ కన్ను చిన్నది చేసి ఎఫ్/8కి మార్చి, గాలికి పువ్వు ఊగుతోందని షట్టర్ స్పీడ్ 1/250 సెకనుకి పెంచి, ఊగడం ఆగిన క్షణం కోసం ఊపిరి బిగబట్టాను. అయినా పసుపు రేకులు గీతల్లేని ముద్దలా వచ్చాయి. గాఢమైన పసుపులో ఎరుపు చానెల్, అంటే కెమెరా ఎరుపుని విడిగా నమోదు చేసే భాగం, ముందే నిండిపోతుంది. మంచుకి పెంచీ పెంచీ అలవాటైన చేత్తో ఈసారి -0.7కి తగ్గించాను. రేకుల మీది సన్నటి ఈనెలు ఒక్కొక్కటీ తేలాయి.

ఆ ఫొటో తమ్ముడికి పంపాను. "ఇదేంటి, రంగులు కలిపావా?"

"లేదురా, వెలుతురు తగ్గించానంతే."