శుక్రవారం నాడు అమరావతి

గుంటూరు బస్టాండులో అమరావతి వెళ్తుందా అంటే కండక్టర్ "గుడి అమరావతా, సెక్రటేరియట్ అమరావతా" అన్నాడు. రాజధానికి పేరిచ్చిన పాపానికి అసలు ఊరికి ఈ తిప్పలు! లాం దాటేదాకా నిలబడే ఉన్నా.

అమరేశ్వరుడి దర్శనం తొందరగానే అయింది. లింగం ఎంత ఎత్తంటే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. తర్వాత మ్యూజియానికి ఆటో. నడిచిపోయే దూరానికి వంద అడిగితే బేరమాడి అరవైకి ఎక్కా, తీరా చూస్తే గేటుకి తాళం, శుక్రవారం సెలవంట. తెలిసీ ఎక్కించుకున్నావేంటయ్యా అంటే "మీరు అడగలేదుగా సార్" అన్నాడు.

పక్కనున్న మహాచైత్యం, అంటే పాతకాలపు పెద్ద బౌద్ధ స్తూపం, మాత్రం తెరిచే ఉంది. మహా అన్నారు గానీ చూడ్డానికి ఇటుకలు తేలిన గుండ్రటి దిబ్బ, చుట్టూ నాలుగు రాళ్ళు. గడ్డి కోస్తున్న పెద్దాయన ఒకరు "మా తాతలు దీపాలదిన్నె అనేవాళ్ళు బాబూ" అన్నారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1790ల్లో చింతపల్లి వదిలేసి ఇక్కడ ఊరు కట్టుకుంటుంటే రాయి కోసం ఈ దిబ్బే తవ్వారు, బొమ్మల పలకలు బయటపడ్డాయి, ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర వచ్చాడు. ఆయన మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడిమధ్య చెరువు తవ్వేసున్నారు! మిగిలినవాటిలో కొన్ని 1845లో ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు పంపాడు, వాటిలో చాలావరకు అట్నుంచటే లండన్ పోయాయి.

చిన్నప్పుడు మద్రాసులో ఏదో పెళ్ళికెళ్తే నాన్న ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. మదమెక్కి జనం మీద పడ్డ ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లిన బొమ్మ చూపించి "ఇది మన అమరావతిదేరా" అన్నాడు. నా గోలంతా ఐస్‌క్రీం గురించి.

లండన్‌లో ఉన్న మా మేనల్లుడు పోయినేడు అక్కడి పలకల ఫొటోలు పంపి "మామయ్యా, ఇక్కడ టికెట్ కూడా లేదు" అని రాశాడు. అవి ఫోన్‌లోనే ఉన్నాయి కదా అని పెద్దాయనకి చూపించా. కొడవలి కిందపెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఒక్కోటీ పెద్దది చేసి చూశాడు.

"ఇయ్యన్నీ ఇక్కడియ్యేనా?"

"ఇక్కడివే."

"అంత బరువు ఎట్టా మోసుకెళ్ళారయ్యా" అని మళ్ళీ మొదటి ఫొటో దగ్గరికి వెళ్ళాడు. నేను నాలుగింటి బస్సు వదిలేశా.