షట్‌డౌన్ కొట్టినా ఆగని లినక్స్

ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్ కొన్నాళ్లుగా షట్‌డౌన్ కొడితే లోగో దగ్గరే నిలిచిపోతోంది. అమ్మేమో ఓపిక పట్టలేక పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తుంది, అలా ఆపిన ప్రతిసారీ డిస్క్‌లో ఫొటోలు ఏమైపోతాయో అని నాకు టెన్షన్.

నిన్న రాత్రి పట్టుబట్టి కూర్చున్నా. ఆగేటప్పుడు ఎస్కేప్ నొక్కితే లోగో పోయి అసలు సంగతి కనిపించింది: 'ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్' (అంటే ఏదో ఇంకా ఆగే పనిలోనే ఉందని), పక్కన 1 నిమిషం 30 సెకన్ల గడువు. లినక్స్‌లో సర్వీసుల్ని (వెనకాల నడిచే ప్రోగ్రాముల్ని) మొదలుపెట్టి ఆపేది సిస్టమ్‌డీ. అది ఏ సర్వీసునైనా ముందు సిగ్‌టర్మ్ అనే సంకేతం పంపి మర్యాదగా ఆగమంటుంది, మామూలుగా 90 సెకన్లు చూస్తుంది, అప్పటికీ వినకపోతే సిగ్‌కిల్‌తో బలవంతంగా ఆపేస్తుంది. మళ్లీ ఆన్ చేసి లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో కిందటి బూట్ లాగ్ తీస్తే దొరికింది, ఫొటోల బ్యాకప్ సర్వీసు. నెట్‌వర్క్ ముందే పోయింది, ఇది మాత్రం అవతలి సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

నాకు భలే నచ్చిన విషయం ఏంటంటే, ఏది దేని తర్వాత మొదలవ్వాలో వరస రాసిన సర్వీసులు ఆ వరసకి సరిగ్గా తిరగేసి ఆగుతాయి. అందుకే బ్యాకప్ సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైల్లో 'ఆఫ్టర్' దగ్గర నెట్‌వర్క్ టార్గెట్ (network.target) రాస్తే చాలు, నెట్ ఉండగానే బ్యాకప్ ఆగిపోతుంది. రాశాక గబుక్కున ఆగింది, ప్రాణం లేచొచ్చింది!

మీకూ ఇదే బాధైతే అందరూ చెప్పినట్టు గడువు 5 సెకన్లకి తగ్గించేయకండి, డేటాబేస్ లాంటివి నడుస్తుంటే నిజంగానే ఆ టైం కావాలి. ముందు లాగ్ చూడండి. అన్నీ ఆగిపోయాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే అది వేరే కథ, బయోస్ అప్‌డేట్ ఉందేమో వెతకండి.