మూడు రాసింది

స్కూల్ ఫారంలో "ఏమవుదామనుకుంటున్నావు" అన్న గడిలో మా అమ్మాయి "ఫిజిక్స్, మృదంగం, బొమ్మల పుస్తకాలు" అని రాసింది. "ఒకటే రాయమ్మా, మూడు రాస్తే దేనిమీదా నిలకడ లేదనుకుంటారు" అన్నాను. తలెత్తకుండానే అంది: "మీది ఏ ఊరని అడిగితే నువ్వు రెండూళ్లు చెప్తావుగా నాన్నా. అందులో ఒకటి తీసెయ్యమని నిన్నెవరైనా అన్నారా?"

జవాబు తోచనప్పుడు నేను ఉపన్యాసానికి దిగుతాను. ఆ పూట నోటికి దొరికినవాడు సి.వి. రామన్. 1907 నుంచి పదేళ్లు ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగం, ఖాళీ దొరికితే ప్రయోగాలు. 1917లో ఆ ఉద్యోగం వదిలేసి ప్రొఫెసరయ్యాడు, 1930లో నోబెల్ వచ్చింది. "చూశావా, ఆయనకీ ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు" అన్నాను. రెండు పడవల మీద కాళ్ల సామెత కూడా చెప్పాను. పద్దెనిమిదేళ్లుగా నేను నిలబడింది ఎన్ని పడవల మీదో ఆ క్షణాన గుర్తు రాలేదు.

మర్నాడు ఫోన్ తెచ్చి చూపించింది. ప్రొఫెసరయ్యాక, 1920లో, అదే రామన్ 'నేచర్' పత్రికలో మన వాద్యాల మీద రాశాడట. మామూలు డప్పు మీద పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడి మూత మధ్యలో పొరలు పొరలుగా వేసిన నల్లటి ముద్ద బరువుకి అవి తీగ వాద్యంలోలాగా శ్రుతిలో కుదురుకుంటాయి. "మరి ఈయన తేల్చుకున్నదేంటి నాన్నా?"

ఆ మృదంగం నాది. అల్మారాలో పాత సూట్‌కేసుల వెనక ఉండేది, అదే వెతికి తీసుకుంది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నా రెజ్యూమేలోంచి వాద్యం అన్న లైను నేనే కొట్టేశాను. వీసా ఒక్క ఉద్యోగానికి కట్టేసి ఉన్న రోజులు, ఇంకేదైనా మనిషినని తెలిస్తే ఎక్కడ కొంప మునుగుతుందోనని. ఎవరూ తీసెయ్యమనలేదు. అది దానికి చెప్పలేదు.

ఇంకో సిగ్గుచేటు సంగతి. ఐదేళ్ల పిల్లని మూడు క్లాసుల్లో వేసి, కారులో తిప్పి, "మా అమ్మాయి అన్నిట్లోనూ ఉంది" అని నలుగురిలో చెప్పుకున్నది నేనే. క్లాసులుగా ఉన్నన్నాళ్లూ గర్వం. అవే ఇష్టాలయ్యేసరికి భయం.

తోటి తల్లిదండ్రులు అడిగితే "తొందరపడి కత్తిరించకండి" అంటాను. చెప్తున్నప్పుడు బానే ఉంటుంది. రాత్రి పడుకున్నాక మాత్రం, మూడింటిలో ఏదీ అన్నం పెట్టకపోతే ఈ సలహా ఇచ్చినవాణ్ణి ఏమంటుందో అనిపిస్తుంది. అసలు నాది దాని గురించిన బెంగా, లేక నేను దాచేసుకున్నది అది దర్జాగా రాసేసిందన్న ఉక్రోషమా?

ఫారానికి నా సంతకం కావాలి. నిన్న రాత్రి తెరిచి, 'బొమ్మల పుస్తకాలు' చెరిపేసి, పది నిమిషాలు కూర్చుని, మళ్లీ నేనే టైపు చేశాను. ఒక అక్షరం తప్పు పడిందట. పొద్దున్నే పట్టేసింది.