ఆఖరి పేరు

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, ఆయన వార్తలు చూస్తున్నారు. నాకు మాత్రం కోపం దిగక ఇలా కూర్చున్నాను.

ఈ రోజు కేఫ్‌లో ఎవరైనా పేరిచ్చి పాడే ఓపెన్ మైక్ జాబితాలో ఆఖరి పేరు ఒక కొత్త కుర్రాడిది. సాయంత్రం ఆ కేఫ్‌లో నిలబడడానికి చోటు లేదు. అతని వంతు వచ్చేసరికి మిగిలింది మేమిద్దరం, నిర్వాహకుడు, కప్పులు తీసే అబ్బాయి, ఫోన్లో మునిగిపోయిన ఒక జంట. తమ పాట అయిపోయినవాళ్లు, స్నేహితుడి పాట కోసం వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక గుంపైతే అతను గిటారు శ్రుతి చేసుకుంటుండగానే కుర్చీలు బరబరా లాగి లేచింది. పాపం, తీగ మీటి, తల వంచి చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. ఆ మోతలో ఏం వినబడుతుంది?

పైగా మైకు స్టాండు మర వదులు. పాడుతుంటే మైకు కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది, దానితోపాటు అతనూ వంగుతున్నాడు. రెండో చరణానికి గడ్డం గిటారుకు తగిలేంత పనైంది. మా ఆయనే లేచి వెళ్లి మర బిగించి వచ్చారు. పాట సొంతంగా కట్టుకున్నది, వాళ్ల ఊరి చెరువు మీద. చాలా బాగుంది. పల్లవి ఇప్పటికీ నా నోట్లో ఆడుతోంది.

ఒక్కొక్కరికి ఇచ్చేది ఐదు నిమిషాలు. తమ ఐదు నిమిషాలకు నిండు సభ కావాలి, ఎదుటివాడి ఐదు నిమిషాలకు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది! 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక తెరిచాక ఇలాంటి సాయంత్రాల రుచి మరిగాం మేము. ఎక్కడికెళ్లినా నాకు ఒకటే పట్టింపు. పాడడం నేర్చుకుంటున్నవాడికి పొగడ్త లేకపోయినా ఫరవాలేదు, ఎదురుగా ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి.

ఈ పట్టింపు నాకు కాకినాడలో అంటింది. పుష్య బహుళ పంచమికి మా సంగీతం టీచరుగారింట్లో త్యాగరాజ ఆరాధన జరిగేది. పొద్దున ఆయన పంచరత్న కీర్తనలు అందరం కలిసి పాడాక ఒక్కొక్కరి వంతు. నిన్న మొన్న మలహరి రాగంలో పిళ్లారి గీతం, అంటే నేర్చుకునేవాళ్ల తొలి పాట, పట్టినవాళ్లతో సహా అందరికీ వంతు ఉండేది. టీచరుగారు ముందు వరసలో చాప మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేచేవారు కాదు. ప్రతి పిల్ల పాటకీ తొడ మీద తాళం వేసేవారు. ఎవరికైనా చరణం అందకపోతే మొదటి మాటను పెదవులతో చూపించేవారు, మరొకరికి తెలియకుండా.

తన వంతు కాగానే పెరట్లోకి జారుకునే పిల్లలకు ఆవిడ చెప్పే కథ ఒకటుంది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ కథ. త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారులో నాగరత్నమ్మ తన సొమ్ముతో ఆయనకు గుడి కట్టించింది. అయినా అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే, ఆడవాళ్లతోనే వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. ఆ పోరు తెగి ఆడవాళ్ల గొంతు అక్కడ అందరితో కలిసేసరికి 1940 ప్రాంతం దాకా వచ్చింది. “వేదిక కోసం ఆవిడ అంత పడితే, మీకు పక్కపిల్ల పాట అయ్యేదాకా కూర్చోవడానికి కష్టమా?” అనేవారు టీచరుగారు. నోరు మూసుకుని వచ్చి కూర్చునేవాళ్లం.

ఇంతవరకూ రాసి ఆయనకు చదివి వినిపిస్తే, “మీ టీచరుగారింట్లో ఆఖర్న పులిహోర ఉండేదిగా?” అన్నారు.

నిజమే, ఉండేది. చక్రపొంగలి కూడా. అంతేకాదు, ఇప్పుడు తలచుకుంటే తడుతోంది, వంతుల క్రమం ఆవిడే రాసేవారు. చుట్టాలు ఎక్కువగా వచ్చిన పిల్లల్ని చివరికి, ఒంటరిగా వచ్చినవాళ్లను మధ్యలోకి. మేమంతా బుద్ధిమంతులమై కూర్చోలేదన్నమాట, ఆవిడ అలా కూర్చోబెట్టారు. ఈ కేఫ్‌లోనేమో ముందు పేరు ఇచ్చినవాడిది ముందు. కొత్తవాడు బెరుకుతో చివర రాయించుకుంటాడు, అప్పటికి మెట్రో వేళ మించిపోతుంటుంది. మియాపూర్ దాకా వెళ్లాల్సిన పిల్లను ఉండమనడం ఏం న్యాయం? జాబితా అలా రాస్తే జనం ఇలాగే పోతారు.

అయినా శ్రుతి చేసుకుంటున్నవాడి ముందు కుర్చీలు లాగడాన్ని మాత్రం నేను క్షమించను. దానికి మెట్రోతో పని లేదు.

పేర్లు చీటీలు వేసి తీయమని నిర్వాహకుణ్ణి అడుగుదామనుకుంటున్నాను. ఎవరి వంతు ఎప్పుడో తెలియకపోతే స్నేహితులందరూ కూర్చోక తప్పదు. మా ఆయన ఒప్పుకోవడం లేదు. వంతు ఎప్పుడో తెలియకపోతే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అసలు పేరే ఇవ్వరట. కొత్తవాళ్లను మధ్యలో పెడితే చాలునట. అలా పెడితే మరి చివర ఎవరు పాడతారు? రోజూ వచ్చే ఆ కీబోర్డు మాస్టారిని అడిగి చూడాలి. ఆయన కోసమైతే జనం ఉంటారు.