సిగ్నలింగ్ ఓవర్‌హెడ్: ముందు మెసేజ్‌లు లెక్కపెట్టండి, తర్వాత టెక్నిక్‌లు చదవండి

ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష ఈ అండ్ టీ (ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్) మెయిన్స్ రెండో పేపర్ సిలబస్‌లో సెల్యులార్ నెట్‌వర్క్స్ అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క కింద, ఎంటెక్ వైర్‌లెస్ పేపర్‌లో, టెలికాం ఇంటర్వ్యూల్లో కూడా తిరగేసి అడగదగ్గ ప్రశ్న ఇది: సిగ్నలింగ్ ఓవర్‌హెడ్ (అసలు డేటా కాక, దాన్ని నడిపించడానికి పంపే కంట్రోల్ మెసేజ్‌ల భారం) ఎలా తగ్గిస్తారు? చాలామంది పేర్లు బట్టీ పట్టి వెళ్తారు. పేర్లతో పేజీ నిండుతుంది కానీ మార్కులు రావు. ప్రతి టెక్నిక్ పక్కనా మూడు విషయాలు రాయాలి: ఏది తగ్గింది, ఎంత తగ్గింది, దానికి బదులుగా ఏది పెరిగింది. మూడోది రాయనివాళ్లే ఎక్కువ.

మొదట ఒక గందరగోళం తీర్చుకోండి. ఆర్‌ఓహెచ్‌సీని ఈ ప్రశ్నకు జవాబుగా రాయకండి. అది హెడర్ కంప్రెషన్, అంటే ప్రతి ప్యాకెట్ ముందుండే చిరునామా లాంటి వివరాలను కుదించడం. ఐపీవీ4, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 20, 8, 12 కలిపి 40 బైట్లు. ఏఎంఆర్ 12.2 (ఫోన్ మాటను కుదించే కోడెక్)లో 20 మిల్లీసెకన్ల మాట 244 బిట్లు, అంటే దాదాపు 31 బైట్లే. మోసే సరుకు కంటే సంచి బరువు ఎక్కువ. ఆ 40ని మూడు నాలుగు బైట్లకు దించడం గొప్పే, కానీ అది యూజర్ ప్లేన్ (అసలు డేటా వెళ్లే దారి) సంగతి. మనకు కావలసింది కంట్రోల్ ప్లేన్, అంటే కనెక్షన్‌ని నడిపే మెసేజ్‌ల దారి.

రేడియో వైపు లెక్క ఎల్‌టీఈ (4జీ)తో చేయండి. ఒక మిల్లీసెకన్ సబ్‌ఫ్రేమ్‌లో నార్మల్ సైక్లిక్ ప్రిఫిక్స్‌తో 14 సింబల్స్, ఒక రిసోర్స్ బ్లాక్‌కి 12 సబ్‌క్యారియర్లు: మొత్తం 168 రిసోర్స్ ఎలిమెంట్లు, అంటే 168 గడులు. కంట్రోల్ రీజియన్ మూడు సింబల్స్ తీసుకుంటే 36. రెండు యాంటెన్నా పోర్టుల రిఫరెన్స్ సిగ్నల్స్ (ఛానల్ అంచనాకి పంపే ముందే తెలిసిన గుర్తులు) 16. ఇక్కడే తప్పు జరుగుతుంది: 36కి 16 కలిపి 52 రాసేస్తారు. ఆ 16లో నాలుగు మొదటి సింబల్‌లోనే ఉన్నాయి, అవి ఇప్పటికే 36లో లెక్కకు వచ్చాయి. సరైన జవాబు 48, అంటే 28.6 శాతం.

ఇప్పుడు అదే సెల్‌లో వీఓఐపీ (ప్యాకెట్లుగా వెళ్లే వాయిస్ కాల్స్) పెట్టండి. 20 మెగాహెర్ట్జ్, మూడు సింబల్స్ కంట్రోల్ ఉంటే పీడీసీసీహెచ్‌కి (గ్రాంట్లు మోసే డౌన్‌లింక్ కంట్రోల్ ఛానల్) 80 పైచిలుకు సీసీఈలు (ఆ ఛానల్‌ని పంచే ముక్కలు) మిగులుతాయి. ఒక్కో గ్రాంట్‌కి (ఏ రిసోర్స్ వాడాలో ఫోన్‌కి చెప్పే మెసేజ్) నాలుగు చొప్పున వేసుకుంటే మిల్లీసెకన్‌కి దాదాపు 20 గ్రాంట్లు. ప్రతి 20 మిల్లీసెకన్లకూ ఒక ప్యాకెట్ వచ్చే 300 మంది ఉంటే, సైలెన్స్‌ని పక్కన పెడితే, డౌన్‌లింక్‌కి 15, అప్‌లింక్‌కి 15, కలిపి 30 కావాలి. డేటా ఛానల్‌లో చోటు ఉండగానే కంట్రోల్ ఛానల్ అయిపోయింది! సెమీ పర్సిస్టెంట్ షెడ్యూలింగ్ అవసరం ఇక్కడ పుట్టింది. ఒక్కసారి యాక్టివేట్ చేస్తే తర్వాతి ప్యాకెట్లకు గ్రాంట్ అక్కర్లేదు. డౌన్‌లింక్ రీట్రాన్స్‌మిషన్లకు మాత్రం మళ్లీ పీడీసీసీహెచ్ కావాలి. బదులుగా పోయేది: ఛానల్ మారినా మాడ్యులేషన్ వెంటనే మారదు, మనిషి మాట ఆపితే రిలీజ్ చేసేదాకా ఆ రిసోర్స్ వృథా. వైమాక్స్‌లో యూజీఎస్ (అడగకుండానే క్రమంగా గ్రాంట్ ఇచ్చే పద్ధతి) వెనక ఆలోచన కూడా ఇదే. రెండూ కలిపి చదివితే గుర్తుండిపోతుంది.

కోర్ (బేస్ స్టేషన్ల వెనకున్న నెట్‌వర్క్) వైపు లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఐడిల్‌లో ఉన్న ఫోన్ ఒక చిన్న హార్ట్‌బీట్ (యాప్ పంపే 'నేనున్నాను' సందేశం) పంపిందనుకోండి. ఎస్1 (బేస్ స్టేషన్‌కి, కోర్‌లో కంట్రోల్ చూసే ఎంఎంఈకి మధ్య), ఎస్11 (ఎంఎంఈకి, గేట్‌వేకి మధ్య) మీద వరుసగా రాయండి: ఇనిషియల్ యూఈ మెసేజ్, కాంటెక్స్ట్ సెటప్ రిక్వెస్ట్, రెస్పాన్స్, మోడిఫై బేరర్ జంట (రిక్వెస్ట్, రెస్పాన్స్), ఇనాక్టివిటీ టైమర్ అయ్యాక కాంటెక్స్ట్ రిలీజ్ రిక్వెస్ట్, రిలీజ్ యాక్సెస్ బేరర్స్ జంట, రిలీజ్ కమాండ్, కంప్లీట్. ఆథెంటికేషన్ లేకుండానే పది. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 సార్లు, 2,880 మెసేజ్‌లు. లక్ష ఫోన్లకు సెకనుకు 3,333. పంపిన డేటా చూస్తే పిడికెడు. 2012 జనవరిలో టోక్యోలో ఎన్‌టీటీ డొకోమో సేవలు గంటల తరబడి దెబ్బతిన్నది ఇలాంటి కారణంతోనే. స్మార్ట్‌ఫోన్ యాప్‌ల కంట్రోల్ సిగ్నల్స్ పెరిగి, కొత్తగా పెట్టిన ప్యాకెట్ స్విచ్‌లు తట్టుకోలేకపోయాయి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ చాలా పని చేస్తుంది.

టైమర్ పెంచితే ఈ పది తగ్గుతాయి, బ్యాటరీ తగ్గుతుంది. 5జీ రిలీజ్ 15 (3జీపీపీ ప్రమాణాల విడత)లో వచ్చిన ఆర్‌ఆర్‌సీ ఇనాక్టివ్ స్థితి ఈ చిక్కు విప్పడానికే: ఫోన్ కాంటెక్స్ట్‌ని (కనెక్షన్ వివరాలను) జీఎన్‌బీ, అంటే 5జీ బేస్ స్టేషన్, దాచుకుంటుంది, కోర్ దృష్టిలో ఫోన్ కనెక్టెడ్‌గానే ఉంటుంది. అదే జీఎన్‌బీ దగ్గర రెజ్యూమ్ అయితే కోర్ వైపు ఆ పది మెసేజ్‌లూ ఉండవు. బదులుగా జీఎన్‌బీలో మెమరీ, రేడియో నెట్‌వర్క్ స్థాయి పేజింగ్ (ఫోన్ ఏ సెల్‌లో ఉందో పిలిచి వెతకడం), వేరే జీఎన్‌బీకి వెళ్తే కాంటెక్స్ట్ తెప్పించుకోవడం.

ట్రాకింగ్ ఏరియాకి (ఐడిల్ ఫోన్ ఉన్న చోటుగా నెట్‌వర్క్ గుర్తుపెట్టుకునే సెల్స్ గుంపు) ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే న్యూమరికల్‌గా అడగడానికి ఇంతకంటే అనువైనది లేదు. ఏరియాలో ఎన్ సెల్స్ ఉంటే పేజింగ్ ఖర్చు ఎన్‌తో పెరుగుతుంది. సరిహద్దు దాటి అప్‌డేట్ పంపడం √ఎన్‌తో తగ్గుతుంది. గంటకు ఒక కాల్, పేజ్ ఖర్చు సెల్‌కి 1, అప్‌డేట్ ఖర్చు 16, ఫోన్ గంటకు 8 సెల్స్ దాటుతుందనుకోండి. మొత్తం ఖర్చు ఎన్ + 128/√ఎన్. డిఫరెన్షియేట్ చేస్తే ఎన్ = 16, ఖర్చు 48. సరిచూసుకోండి: ఎన్ 4 అయితే 68, 64 అయితే 80. జవాబు రాశాక ఇలా రెండు వైపులా ఒక్కో విలువ వేసి చూపించండి, అర నిమిషం పని.

తర్వాతి ప్రశ్న టీఏ (ట్రాకింగ్ ఏరియా) లిస్ట్ మీద వస్తుంది. కాజీపేట లాంటి జంక్షన్ దగ్గర సరిహద్దు పట్టాలను కోసిందనుకోండి, రైలు దాటిన క్షణాన వందల ఫోన్లు ఒకేసారి అప్‌డేట్ పంపుతాయి. ఎల్‌టీఈలో ఒక ఫోన్‌కి 16 ఏరియాల దాకా లిస్ట్ ఇవ్వచ్చు. అందరికీ ఒకే లిస్ట్ ఇస్తే సరిహద్దు పక్కకు జరుగుతుందే తప్ప పోదు. ఫోన్‌కో లిస్ట్, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ఇవ్వాలి; కొత్త లిస్ట్‌లో పాత ఏరియాని ఉంచితే అటూ ఇటూ ఊగే ఫోన్ల పింగ్‌పాంగ్ కూడా ఆగుతుంది. పేజింగ్‌ని ముందు ఆఖరి సెల్‌లో, దొరక్కపోతే మొత్తం ఏరియాలో చేయడం ఇంకో మార్గం. దాని మూల్యం కాల్ కలవడంలో ఆలస్యం.

మిగిలినవి ఒక్కో వాక్యం చాలు: రిలీజ్ 16లో రాండమ్ యాక్సెస్ నాలుగు మెట్ల నుంచి రెండుకు, రిలీజ్ 12లో పీఎస్‌ఎం (బ్యాటరీ కోసం గాఢ నిద్ర), రిలీజ్ 13లో ఈడీఆర్‌ఎక్స్ (పేజ్ వినే మధ్య విరామాన్ని పొడిగించడం), ఎన్‌బీ ఐఓటీలో (మీటర్ల లాంటి చిన్న పరికరాల కోసం) చిన్న డేటాని నాస్ మెసేజ్‌లోనే (ఫోన్‌కి, కోర్‌కి మధ్య వెళ్లే కంట్రోల్ మెసేజ్) పంపడం. పీఎస్‌ఎంలో నిద్రపోతున్న మీటర్‌కి నెట్‌వర్క్ నుంచి పేజ్ అందదని తప్పక రాయండి.

ప్రాక్టీస్‌కి తెల్లకాగితం మీద ఫోన్, బేస్ స్టేషన్, ఎంఎంఈ, గేట్‌వే నాలుగు నిలువు గీతలు గీసి, పుస్తకం మూసి, సర్వీస్ రిక్వెస్ట్ (ఐడిల్ నుంచి ఫోన్ మేల్కొనే మెసేజ్‌ల వరుస) మొత్తం వేయండి. ఎక్కువగా మరిచిపోయేది మోడిఫై బేరర్ జంట. అది లేకపోతే డౌన్‌లింక్ ప్యాకెట్ ఏ బేస్ స్టేషన్‌కి పంపాలో గేట్‌వేకి తెలియదు.